పదహారో వరుసలో ఇరవై ఏడు విమానాలు

2011 మార్చి 6, ఆదివారం, ఉదయం ఎనిమిది గంటల పది నిమిషాలు. సిటీ మార్కెట్ వెనక వీధిలో ఆదివారాలు పాత సామాను పరుచుకుని కూర్చునేవాళ్ల దగ్గరికి గ్యాస్ పొయ్యి నాబ్ కోసం వెళ్లాను. కొత్తది కొనాలంటే నాలుగు నాబ్‌లూ కలిపి కొనమన్నారు. నాకు కావలసింది ఒకటి. నాబ్ దొరకలేదు. తలుపు బందులు, కొళాయి తలలు పోసిన గోనె సంచి మీద నాలుగు ప్రొపెల్లర్ల చిన్న విమానం ఒకటి పక్కకి ఒరిగి ఉంది. చేతిలోకి తీసుకుంటే దాని సైజుకి మించిన బరువు తెలిసింది. కిటికీలు కోడిగుడ్డు ఆకారంలో ఉన్నాయి. వైకౌంట్ విమానానికి కిటికీలు అలాగే ఉంటాయి. రెక్కలు ఈ చివర నుంచి ఆ చివరకి నా చేతిసంచిలో ఉన్న స్టీలు స్కేలుతో కొలిచాను. నూట నలభై తొమ్మిది మిల్లీమీటర్లు. అమ్మేవాడు రెండు వందలన్నాడు. నాలుగు ప్రొపెల్లర్లలో ఒకటి లేదని చూపించాను. నూట ఇరవైకి ఇచ్చాడు.

ఆ కిటికీలు నాకు ఎలా తెలుసో చెప్పాలి. 1970 నుంచి 2006 దాకా నేను విమానాల ఫ్యాక్టరీలో కొలతల విభాగంలో పనిచేశాను. మా పని విమానాలు చేయడం కాదు, విమానాల భాగాలను కొలిచే పనిముట్లు సరిగా కొలుస్తున్నాయా లేదా అని కొలవడం. మా గది కిటికీ రన్‌వే వైపు ఉండేది. ఊరికి వచ్చే ప్రయాణికుల విమానాలు కూడా అప్పట్లో అదే రన్‌వే మీద దిగేవి. ముప్పై ఆరేళ్లు అలా చూశాను. తర్వాత పాత ఎయిర్‌పోర్టు మూసేశారు. దేవనహళ్ళి దగ్గర కొత్తది వచ్చింది. అక్కడ దిగే విమానాలను చూడాలంటే టికెట్టు కొనుక్కోవాలి.

విమానం ఇంటికి తెచ్చేసరికి మా ఆడపడుచు వాకిట్లో కాఫీ గింజలు ఎండబెడుతోంది. ఆమె నాకంటే ఆరేళ్లు చిన్న. చిక్కపేటలో పట్టు చీరల అంగడి నడిపింది. భర్త పోయాక, 2008లో అంగడి మూసేసి మా ఇంటికి వచ్చింది. మా ఆయన అప్పటికే నాలుగేళ్ల కిందట పోయారు. ఇద్దరం అప్పటి నుంచి కలిసే ఉంటున్నాం. అంగడి నుంచి ఆమె తెచ్చుకున్న వాటిలో జరీ తూచే చిన్న తక్కెడ ఉంది. దాని మీద విమానాన్ని తూచాం. నూట యాభై రెండు గ్రాములు. ఆ పూటే నేను నోటుబుక్కులో మొదటి పేజీ రాశాను. తేదీ, చోటు, ధర, బరువు, రెక్కల కొలత, లేని భాగాలు.

సేకరించేవాళ్లలో చాలామంది కనబడ్డదల్లా కొంటారు. నేను ఒక నియమం పెట్టుకున్నాను. మా గది కిటికీలోంచి నా కళ్లతో చూసిన రకాలు మాత్రమే కొనాలి. అవి పదకొండు రకాలు. ఒక్కో రకంలో వేర్వేరు రంగులు, వేర్వేరు తయారీలు కలిపి పన్నెండేళ్లలో ఇరవై ఏడు అయ్యాయి. అన్నీ కరిగించిన జింక్‌ని ఉక్కు అచ్చుల్లో పోసి చేసినవి. అన్నిటికన్నా పాతది నా వయసులో సగానికి పైగా ఉంటుంది. ఇరవై ఏడింటికి కలిపి నేను పెట్టింది లక్షా ఎనభై ఆరు వేల నాలుగు వందల యాభై. ప్రతి దానికీ వంద మార్కులు. రంగుకు నలభై. రెక్కల మీద, తోక మీద ఉండే అక్షరాలకు, గీతలకు ఇరవై ఐదు. చక్రాలు, ప్రొపెల్లర్లకు ఇరవై. లోహం ఆరోగ్యానికి పదిహేను. అట్టపెట్టె ఉంటే దాన్ని విడిగా రాసేదాన్ని. పద్నాలుగింటికి పెట్టెలు ఉన్నాయి.

అక్షరాల గురించి ఒక మాట. అవి రంగుతో రాసినవి కావు. నీళ్లలో నానబెట్టి కాగితం మీద నుంచి జార్చి అతికించే సన్నని పొరలు. గోరు తగిలినా లేస్తాయి. అందుకే నేను నూలు చేతి తొడుగులు వేసుకునేదాన్ని. దుమ్ము దులపడానికి మెత్తటి కుంచె తప్ప ఇంకేదీ వాడేదాన్ని కాదు.

విలువ కట్టే పద్ధతి మా ఆడపడుచుకు ఎన్నడూ నచ్చలేదు. పాత రంగు చెక్కుచెక్కులుగా రాలిన విమానానికి నేను అరవై ఐదు మార్కులు వేసి, ఎవరో మళ్లీ నున్నగా రంగు వేసిన దానికి ఇరవై వేసినప్పుడు ఆమె పక్కనే ఉంది. మళ్లీ వేసిన రంగును కనిపెట్టడం కష్టం కాదు. భూతద్దంలో చూస్తే రివెట్ల చుక్కలు పూడిపోయి ఉంటాయి.

"రంగు పోయిందానికి ఎక్కువ, రంగు వేసిందానికి తక్కువా?" అంది. "మా అంగట్లో నువ్వు కూర్చోనుంటే మూడు నెలల్లో తాళం పడేది వదినా."

పాత చీర జరీని కాల్చి చూసి వెండి ఎంత ఉందో చెప్పగలిగిన మనిషి ఆమె. పాతదానికి విలువ ఉంటుందని ఆమెకు తెలియక కాదు. పాతదాని మురికికి విలువ ఉంటుందన్నదే ఆమెకు ఎక్కలేదు. నేను వివరించానా అంటే, రంగు మళ్లీ వేయకూడదని వందసార్లు చెప్పాను. కడగకూడదని ఒక్కసారి కూడా చెప్పిన గుర్తు లేదు.

ఇరవై ఏడులో రెండు జబ్బువి. పోతపోసిన రోజున జింక్‌లో సీసం కలిస్తే, ఏళ్ల తర్వాత ఆ లోహం లోపల్నించి ఉబ్బి పగులుతుంది. దానికి మందు లేదు. ఏటా మార్చి 6న నేను అన్నిటి రెక్కలూ వెర్నియర్‌తో కొలిచేదాన్ని. ఈ రెండింటి రెక్కలు ఏడేళ్లలో ఒకటి 0.6, ఒకటి 0.9 మిల్లీమీటర్లు పెరిగాయి. జబ్బు పక్కదానికి అంటదు. అయినా వాటిని బీరువాలో పై అరలో విడిగా పెట్టాను.

2021 నుంచి నా కళ్లకు వెర్నియర్ మీది గీతలు కలిసిపోయి కనబడటం మొదలైంది. ఒక కంటికి శుక్లం తీశారు, రెండో కంటికి ఇంకేదో ఉందన్నారు. అంకెలు చదివే పని మా ఆడపడుచుది అయింది. ఆమె చదివేది, నేను రాసేదాన్ని. డెబ్బై ఐదేళ్లు నిండాక ఇవన్నీ ఎక్కడికి వెళ్లాలన్న సంగతి ఆలోచించాను. మా ఇద్దరి తర్వాత ఈ ఇంట్లోకి వచ్చేవాళ్లెవరూ వీటిని అడగలేదు. విడివిడిగా అమ్మితే నెల రోజుల్లో అమ్ముడుపోతాయి. కానీ పదకొండు రకాలు ఒక కిటికీలోంచి కనబడ్డ క్రమంలో ఉన్నాయి. ఆ క్రమం పోతే అవి ఇరవై ఏడు బొమ్మలు, అంతే. అన్నీ కలిసి ఒకే చోటికి, నోటుబుక్కుతో సహా పోవాలి. నాకు కావలసింది అదొక్కటే.

2023 సెప్టెంబరు 10, ఆదివారం, పదకొండు గంటలకు బెళ్ళందూరు నుంచి ఒకాయన వచ్చాడు. నలభై ఐదేళ్లు ఉంటాయి. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. గుంటూరు వైపు మనిషి. దేవనహళ్ళి దగ్గర తన సైటులో పొడవాటి గది ఒకటి కట్టించాడు. మూడు గోడలకూ అద్దాల అరలు. ఈ ఊరికి వచ్చిన విమానాల బొమ్మలన్నీ అక్కడ వరసగా పెట్టి, చూడవచ్చినవాళ్లకు చూపించాలని ఉందన్నాడు. నా నోటుబుక్కు గంటసేపు చదివాడు. ఆ తర్వాతే విమానాలు చూపించమన్నాడు. ఆ క్రమం నాకు నచ్చింది. టార్చి వేసి, భూతద్దంతో ఒక్కోటీ చూశాడు. నా మార్కులకూ తన మార్కులకూ ఎక్కడా ఐదుకు మించి తేడా రాలేదు.

"ఆంటీ, ఇలా టచ్ చెయ్యకుండా ఉన్న కలెక్షన్ నేనింతవరకు చూళ్లేదు," అన్నాడు. "సెట్ మొత్తం తీసుకుంటా. మీ బుక్ కూడా కేస్‌లో పెడతా. ఒకటే కండిషన్, ఇప్పుడు ఎలా ఉన్నాయో అలాగే కావాలి."

నాలుగు లక్షల పదివేలన్నాడు. జబ్బువి రెండూ విలువ లేకుండా లెక్కలో చేర్చుకున్నాం, క్రమం తెగకుండా. నేను ఎక్కువ అడగలేదు. దసరా అయ్యాక అక్టోబరు 29న వచ్చి తీసుకుపొమ్మన్నాను.

దసరా దాకా ఆపిందీ నేనే. మా ఇంట్లో బొమ్మల కొలువు పెడతాం. విమానాలను కొలువులో పెట్టమని మా ఆడపడుచు ఏటా అడిగేది, నేను ఏటా కాదనేదాన్ని. ఈసారి అవి వెళ్లిపోతున్నాయి కనుక సరేనన్నాను. అక్టోబరు 15న తొడుగులు వేసుకుని నేనే పెట్టాను. కింది మెట్టు ముందు నేల మీద బూడిదరంగు గుడ్డ రన్‌వేలా పరిచి, ఇరవై ఐదు విమానాలు. జబ్బువి రెండూ బీరువాలోనే ఉండిపోయాయి. వారం రోజులు పేరంటానికి వచ్చినవాళ్లు దేవుళ్ల బొమ్మలను వదిలేసి ముందు వాటినే చూశారు. మా ఆడపడుచు పక్కన నిలబడి ఏది ఏ రకమో చెప్పేది. రెండు తప్పులు చెప్పింది. నేను దిద్దలేదు.

ఇప్పుడు జాబితా సంగతి. ఫ్యాక్టరీలో ఆయుధపూజకు ముందు రోజు ప్రతి విభాగమూ పూజలో ఉండే పనిముట్లన్నిటికీ జాబితా రాయాలి. వస్తువు, సంఖ్య, శుభ్రం చేసే పద్ధతి. ఆ అలవాటు నేను ఇంటికి తెచ్చుకున్నాను. మా ఆడపడుచు వచ్చినప్పటి నుంచి ఇంటి ఆయుధపూజ ఇలా నడుస్తుంది. నేను రాస్తాను, ఆమె కడుగుతుంది. కుట్టుమిషను పక్కన "నూనె గుడ్డ మాత్రమే" అని ఉంటుంది. మిక్సీ పక్కన "తడిగుడ్డ, మోటారుకు తగలకూడదు" అని ఉంటుంది. వెర్నియర్ పక్కన "నేనే తుడుస్తాను" అని ఉంటుంది. పక్కన ఏమీ రాయకపోతే చింతపండు. ఇత్తడి దీపాలు, రాగి చెంబులు, కత్తిపీట, పార అన్నీ అలాగే. అది మా ఇద్దరి మధ్య పదిహేనేళ్ల కట్టుబాటు. అడగాల్సిన పని ఉండదు.

అక్టోబరు 22 సాయంత్రం జాబితా రాశాను. పదిహేను వరుసలు ఎప్పటివే. చివర పదహారోది చేర్చాను. విమానాలు, 27. ఈ ఇంట్లో వాటికి అది ఆఖరి ఆయుధపూజ. ఆ సంగతి కాగితం మీద ఉండాలనిపించింది. కొలువులో ఉన్నవి ఇరవై ఐదే అయినా, ఇంట్లో ఉన్న సంఖ్య రాయడం నా పద్ధతి. పక్క గడి ఖాళీగా వదిలాను. వాటిని ఎవరూ ముట్టుకోరన్నది నాకు ఎంత తెలిసిన సంగతంటే, దాన్ని రాయాలని తోచలేదు.

మర్నాడు సోమవారం, ఆరు నలభైకి నేను అత్తిబెలె బస్సెక్కాను. మా విభాగంలో నా కింద పనిచేసిన ఒకాయనకు అక్కడ చిన్న కార్ఖానా ఉంది. జింక్ పోతపని. తలుపు పిడులు, పంపు మూతలు చేస్తాడు. ఏటా ఆయుధపూజకు పిలుస్తాడు, ఏటా వెళ్తాను. యంత్రాలకు అరటి పిలకలు కట్టి, గుమ్మడికాయ కొట్టి, బొరుగులు పంచుతున్నారు. పది ఇరవైకి ఫోను మోగింది.

"వదినా, పట్టీలో ఇరవై ఏడని రాసినావు," అంది మా ఆడపడుచు. "నా లెక్కకు ఇరవై ఐదే ఉండాయి. ఇంక రెండు యాడ పెట్టినావు?"

అవి బీరువాలో ఉన్నాయని, వాటితో పని లేదని చెప్పాను.

"పని లేకుండా ఎట్ల? ఇరవై ఐదూ కడిగి, బొట్లు పెట్టి, చక్రాల కింద నిమ్మచెక్కలు కూడా పెట్టేసినా. ఆ రెండూ ఏం పాపం చేసినాయి?"

"దేంతో కడిగినావు?"

"దేంతో కడుగుతారప్పా? చింతపండే. అరగంట నానేసినా. ఎంత నల్లగా దిగిందో చూసుంటే నువ్వు బేజారయిపోతాంటివి."

నిమ్మచెక్కలు తీసేయమన్నాను. ఇంకేదీ ముట్టుకోవద్దన్నాను. చేతిలో ఉన్న బొరుగుల పొట్లం ఎక్కడ పెట్టానో గుర్తు లేదు. ఎదురుగా కుండలో జింక్ కరుగుతోంది. కార్ఖానా యజమాని ఏమైందని అడిగాడు. చెప్పాను. పులుపు జింక్‌ని ఏం చేస్తుందో అతనికి వేరే చెప్పనక్కర్లేదు. ఎంతసేపు నానబెట్టారని మాత్రం అడిగి, అరగంట అంటే తల పక్కకి తిప్పుకున్నాడు.

బస్సులు కూడా ఆ రోజు పూజ చేయించుకుని నెమ్మదిగా బయలుదేరతాయి. ఇల్లు చేరేసరికి పన్నెండు ముప్పై ఐదు. హాల్లో తెల్లటి తువ్వాలు పరిచి, ఇరవై ఐదు విమానాలను ఐదేసి చొప్పున ఐదు వరుసలుగా పెట్టి ఉంచింది. ముక్కు మీద కుంకుమ, రెక్కల మీద విభూతి. రంగు ఉన్న చోట వెలిసింది. రంగు లేని చోట లోహం బొగ్గులా నల్లబడింది. కొబ్బరి పీచుతో రుద్దినప్పుడు అక్షరాలు పోయాయి. ఒక విమానం తోక మీద మూడు అక్షరాల్లో ఒకటిన్నర మిగిలింది. నిమ్మచెక్కలు తీసేసిన చోట చక్రాల అడుగున తెల్లటి బూజులాంటి పొర ఉంది. మా ఆడపడుచు పట్టుచీర కట్టుకుని, నేనొస్తే హారతి ఇద్దామని కర్పూరం పెట్టుకుని కూర్చుంది.

"నాలుగు లక్షల పదివేలు మోరీలో పోసినావు," అన్నాను.

ఆమెకు మొదట అర్థం కాలేదు. తర్వాత లేచి వెళ్లి, వంటింట్లో మేకుకు గుచ్చిన జాబితా తెచ్చింది. ప్రతి వరుస పక్కనా ఆమె పెట్టిన టిక్కు ఉంది.

"పదహారోది చూడు వదినా. పక్కన ఏమన్నా రాసినావా?"

"ప్రతిదీ రాయాల్నా?"

"పదిహేనేండ్లుగా ప్రతిదీ రాస్తానే ఉండావు కదా," అంది. "ఒకరింటికి పోయే వస్తువును మురికితో ఎట్ల పంపిస్తాం? కడిగి, బొట్టు పెట్టి పంపించల్ల. పక్కన వద్దు అని రెండక్షరాలు రాసింటే నేను ముట్టుకునేదాన్నా?"

ఆమె హారతి పళ్లెం ఇత్తడి దీపాల పక్కన పెట్టేసి తన గదిలోకి వెళ్లింది. ఆ పూట ఇద్దరం భోంచేయలేదు.

ఆ రోజు నుంచి మాటలు లేవు. వంట ఆగలేదు. ఉదయం కాఫీ నా బల్ల మీదికి వచ్చేది. నేను కావలసినవి చీటీ మీద రాసి పెట్టేదాన్ని. పాలు అర లీటరు, కందిపప్పు కిలో. సాయంత్రానికి చీటీ మీద టిక్కులు ఉండేవి. విజయదశమి నాడు కొలువులో ఒక బొమ్మను పడుకోబెట్టాలి. ఆ పని ఆమే చేసింది. నేను విమానాలను బీరువాలో పెట్టాను. తొడుగులు వేసుకోలేదు, అవసరం లేదు కాబట్టి. ఎక్కువ పొరపాటు ఎవరిదన్న ప్రశ్న నాకు రాలేదు. కాగితం చూసిన క్షణానే తెలుసు. తెలిసినా ఆమెకు ఆ మాట చెప్పలేదు.

బెళ్ళందూరు ఆయనకు 24నే ఫోను చేసి జరిగింది జరిగినట్టు చెప్పాను. అయినా ఒకసారి చూస్తానని 29న వచ్చాడు. అట్టపెట్టెలు మోయడానికి తెచ్చిన ప్లాస్టిక్ డబ్బాలు కారులోనే వదిలి, చేతులు ఊపుకుంటూ మెట్లెక్కాడు. ఇరవై నిమిషాలు చూశాడు. సెప్టెంబరులో రెండు గంటలు పట్టింది.

"సారీ ఆంటీ," అన్నాడు. "ఒరిజినల్ ఫినిష్ పోయింది. సెట్‌గా తీసుకోలేను. రీపెయింట్ చేయించి పెట్టొచ్చు, కానీ మీ బుక్‌లో రాసినవి ఇవి కావు కదా, ఇంక."

అది సరైన మాట. అతని మీద నాకు కోపం రాలేదు. వంటింటి గుమ్మంలో నిలబడి వింటున్న మా ఆడపడుచు ముందుకొచ్చింది. ఆరు రోజుల్లో ఆ ఇంట్లో ఆమె గొంతు విన్నది అప్పుడే. మాట్లాడింది నాతో కాదు, అతనితో.

"ఏం సామీ, ఇప్పుడు ఒక్కోటీ ఎంతకు తీసుకుంటావు?"

విడిభాగాల కోసం అయితే ఒక్కోదానికి అయిదొందలు ఇస్తారని అతను చెప్పాడు.

"అయిదొందలా? తూకానికేసినా ఇంకొంచెం వస్తాదేమో కదప్పా," అంది. రాదని ఆమెకు తెలుసు. నూట యాభై గ్రాముల జింక్‌కి ఎంత వస్తుందో ఆమె లోపలే లెక్క కట్టుకుని ఉంటుంది. మళ్లీ వంటింట్లోకి వెళ్లిపోయింది.

పెట్టెలు మాత్రం బాగున్నాయి. బీరువాలో ఉన్నాయి కనుక వాటికి నీళ్లు తగల్లేదు. తన దగ్గర పెట్టెలు లేని విమానాలు చాలా ఉన్నాయని, పద్నాలుగు పెట్టెలకూ అరవై మూడు వేలు ఇస్తానని అన్నాడు. ఆలోచించుకోవడానికి నేను ఐదు నిమిషాలు అడిగాను. ఖాళీ పెట్టెను నా దగ్గర ఉంచుకోవడంలో అర్థం లేదు. మంచి పెట్టెలో మంచి విమానం ఉండాలి. ఇచ్చేశాను. నోటుబుక్కు కూడా అడిగాడు, కనీసం ఫోటోలైనా తీసుకుంటానన్నాడు. ఇవ్వలేదు. అందులో ఉన్న వివరాలు ఇప్పుడు నిజం కావు. నిజం కాని కాగితాన్ని అద్దం వెనక పెట్టడం నాకు ఇష్టం లేదు. తెచ్చుకున్న డబ్బాల్లో పెట్టెలు సర్దుకుని వెళ్లిపోయాడు.

నోటుబుక్కును నిజం చేయాలంటే మళ్లీ కొలవాలి. నవంబరు 3, శుక్రవారం, ఉదయం పది గంటలకు భోజనాల బల్ల మీద విమానాలు, తక్కెడ, వెర్నియర్ పెట్టి కూర్చున్నాను. మొదటి దాని రెక్కలు పట్టుకుని గీతల మీద కన్ను ఆనించాను. ఏ గీత ఏ గీతతో కలుస్తోందో తెలియలేదు. భూతద్దంతో చూశాను, తెలియలేదు. ఆమెను పిలవలేదు. వెర్నియర్ బల్ల అవతలి వైపుకి జరిపి కూర్చున్నాను. కొంతసేపటికి చేతులు తుడుచుకుంటూ వచ్చి కుర్చీ లాక్కుంది.

"నూట నలభై ఎనిమిది పాయింట్ తొమ్మిది," అని చదివింది.

రాసుకున్నాను. తక్కెడలో పెట్టింది. నూట యాభై ఒకటి. రాసుకున్నాను. అలా మధ్యాహ్నం వరకు ఇరవై ఐదూ చదివింది. అంకెలు తప్ప వేరే మాట లేదు. ఎక్కడా తప్పు చదవలేదు. అనుమానం వచ్చిన రెండు చోట్ల నేను అడక్కముందే మళ్లీ చూసింది.

ఫ్యాక్టరీలో ఒక వస్తువును తిరస్కరిస్తే ఒక ఫారం రాయాలి. లోపం ఏమిటి, కారణం ఏమిటి, బాధ్యులు ఎవరు. నోటుబుక్కు వెనక పేజీలో ఆ మూడు గడులూ గీశాను. లోపం గడిలో పులుపు వల్ల లోహం దెబ్బతినడం, అక్షరాలు పోవడం అని రాశాను. కారణం గడిలో జాబితా, పదహారో వరుస, పద్ధతి రాయలేదు అని రాశాను. బాధ్యుల గడిలో నా పేరు రాసి, పుస్తకం ఆమె వైపు తిప్పాను. ఆమె కళ్లజోడు తెచ్చుకుని చదివింది. పై నుంచి కింది దాకా రెండుసార్లు చదివింది.

"నా పేరు కూడా రాయి వదినా," అంది. "పీచు పట్టింది నేను కదా."

ఫారంలో అలా కుదరదని చెప్పాను. చెప్పిన పద్ధతిలో పనిచేసినవాళ్ల పేరు బాధ్యుల గడిలోకి రాదు. అది నియమం.

"అట్లయితే సరే," అని, లేచి అన్నం పెట్టింది.

ఆ రోజు రాసిన లెక్క ఇది.

కడిగినవి ఇరవై ఐదు. అక్షరాలు పూర్తిగా పోయినవి పదిహేడు. కొంత మిగిలినవి ఐదు. అచ్చులోనే అక్షరాలు పోతపోసినందువల్ల చెడనివి మూడు. చక్రాలను పులుపు తినేసినవి పదకొండు. ఇరుసు తుప్పు పట్టినవి నాలుగు. నీళ్లతో మోరీలోకి పోయి దొరకని ప్రొపెల్లర్ ఒకటి. కడగక ముందు ఇరవై ఐదింటి మార్కులు 1,912. కడిగాక 803. పోయినవి 1,109. చెడనివి రెండు, జబ్బువి. వాటి విలువ ముందూ లేదు, ఇప్పుడూ లేదు. పెట్టెలకు వచ్చింది అరవై మూడు వేలు. రావలసింది నాలుగు లక్షల పదివేలు. పోయింది మూడు లక్షల నలభై ఏడు వేలు. దేవనహళ్ళి గదికి వెళ్లిన విమానాలు సున్నా. మాటలు లేని రోజులు పదకొండు. వాటికి ఫారంలో గడి లేదు, అందుకని అడుగున రాశాను.